కొత్త కొండ ఎందుకు, పాత డొంక ఉండగా

వానలు తెరిపిచ్చి డిసెంబరు సగం దాటేసరికి నెల్లూరులోనూ ఒంగోలులోనూ వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం నడకల పిలుపులు మొదలవుతాయి. వాటిని వరసగా చదివితే అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. కొండ పేరు, ఎత్తు, ఎన్ని గంటల్లో ఎక్కి దిగాలి, పైన ఫొటోకి ఏ చోటు బాగుంటుంది. ఏ దారిన వెళ్తారో, మధ్యలో ఏ ఊళ్ళు తగులుతాయో ఉండదు. ఈ వారం ఉదయగిరి దుర్గం, పై వారం భైరవకోన, ఆపైన ఇంకో జలపాతం. వెళ్ళినచోటికే మళ్ళీ వెళ్దామంటే "అది చూసేశాం కదా" అన్న జవాబు వస్తుంది.

ఈ పద్ధతి మారాలని గట్టిగా అనుకుంటున్నాను. గుంపుగా నడిచేవాళ్ళు ముందు దారిని ఎంచుకోవాలి. తోవలో తిప్పో గుట్టో వస్తే సంతోషం, రాకపోయినా నష్టం లేదు. ఆ దారి రెండు మూడు ఊళ్ళను కలిపే పాత డొంక, అంటే చేల మధ్య జీవాలూ బండ్లూ నడిచిన బాట, అయితే మరీ మంచిది. ఒకసారి ఎంచుకున్నాక ఏటా అదే దారిని, ఆ ఊళ్ళవాళ్ళు కొందరితో కలిసి నడవాలి. నడిచేవాళ్ళకూ దారికీ కూడా దీనివల్లే మేలు జరుగుతుంది.

డొంకలు ఎలా పోతున్నాయి

మన మెట్ట ప్రాంతపు డొంకలు జీవాల కోసం, బండ్ల కోసం ఏర్పడ్డవి. కనిగిరి వైపు నుంచి నెల్లూరు బీళ్ళకు మందలు దిగడం ఎంత పాతదంటే, పుల్లరి (మేతకి కట్టే పన్ను) తగాదాలో పశువుల మందల నాయకుడు కాటమరాజుకూ నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనలకూ యుద్ధమే జరిగిందని, అందులో ఖడ్గతిక్కన పడిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాల నెల్లూరు గొర్రెలు తయారైంది ఈ మేతనేలల మీదే. మంద పోవాలంటే వెడల్పు కావాలి, అందుకే అసలు డొంక రెండు బండ్లు తప్పుకునేంత ఉంటుంది. ఏళ్ళ తరబడి గిట్టలూ చక్రాలూ తొక్కి, వాననీళ్ళు కోసి, చేల మట్టం కంటే మోకాలి లోతు, ఒక్కోచోట నిలువు లోతు దిగి ఉంటుంది. రెండు గట్ల మీదా చింత, వేప, తాడి. జనవరి పదిగంటల ఎండలో కూడా నీడన నడవొచ్చు.

ఇప్పుడు ఎడ్లబండి లేదు. ట్రాక్టరుకి తారురోడ్డు చాలు. మందలు తగ్గాయి, ఉన్నవాటిని చాలామంది ఆటోల్లో తరలిస్తున్నారు. తొక్కేవాళ్ళు లేక డొంకలోకి చిల్లకంప (సర్కారు తుమ్మ) దిగింది. రెండు వానాకాలాలు వదిలేస్తే మనిషి దూరలేడు. దూరలేని డొంకని పక్క రైతు తన చేలో కలుపుకున్నా అడిగేవాడుండడు. నిమ్మతోటలకూ జామాయిల్, సుబాబుల్ తోటలకూ కంచె వేసేటప్పుడు ఒక గజం ఇటు జరుగుతుంది, పదేళ్ళకి ఇంకో గజం. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర కొండతోపాటే దాని చుట్టూ తిరిగిన బాట కూడా పోయింది.

దారి చేసుకోవడం ఎంత కష్టమో ఉదయగిరి చరిత్రలోనే ఉంది. ఆ కోటకి ఒక్క మనిషి మాత్రమే పట్టే ఇరుకుతోవ తప్ప వేరే దారి లేదని, కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడిలో పెద్దపెద్ద బండలు పగలగొట్టించి సైన్యానికి బాటలు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1514లో కోట రాయల వశమైంది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపికి వెళ్ళింది. దుర్గం ఎక్కేవాళ్ళు ద్వారాలనీ గోడలనీ ఫొటో తీస్తారు గానీ కాలికింద తోవని చూడరు.

నడిస్తే దారి నిలుస్తుందా

ఇక్కడ నాకు నిజంగానే సందేహాలున్నాయి. మొదటిది చట్టం సంగతి. డొంక పోరంబోకు ప్రభుత్వ భూమి. ఎవరూ నడవకపోయినంత మాత్రాన అది పోరంబోకు కాకుండా పోదు. ఆక్రమిస్తే తీయించడానికి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇంకా ఉంది. అలాంటప్పుడు ఊరికి సంబంధం లేని పదిహేనుమంది ఆదివారం పూట నడిస్తే కొత్తగా ఒరిగేదేమిటి అని అడగొచ్చు.

పట్టా భూమిలోంచి పోయే కాలిబాట సంగతి వేరు. 1882 ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా ఇరవై ఏళ్ళు నడిస్తే నడిచే హక్కు వస్తుంది. అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఇరవై ఏళ్ళు వరసగా వాడకపోతే ఉన్న హక్కు కూడా పోతుంది. అయితే ఈ హక్కు అవతలి చేనున్న రైతుది, ఊరిది. బయటినుంచి వచ్చిన బృందం అనుమతి అడిగి నడిచింది కాబట్టి దాని నడక హక్కు లెక్కలోకి రాదు. రాకూడదు కూడా. "వీళ్ళు నడిచి రేపు దారి మాది అంటారేమో" అన్న భయం పుడితే రైతు తెరిచి ఉన్న తడికెని కూడా కట్టేస్తాడు. ఆ భయం రేపే నడక ఎంత అందంగా ఉన్నా ఆ దారికి చేటే.

అందుకే ఊరివాళ్ళతో కలిసి నడవాలంటున్నాను. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. డొంక ఎక్కడ మలుపు తిరిగేదో, ఏ చింతచెట్టు హద్దో తెలిసిన అరవై డెబ్బై ఏళ్ళ మనిషి నడిచి చూపిస్తే, వెంట వచ్చిన ఆ ఊరి పాతికేళ్ళ కుర్రాడికి అది తెలుస్తుంది. గ్రామ సర్వేయరు హద్దులు చూడటానికి వచ్చినప్పుడు "ఇక్కడ డొంక ఉంది" అని చెప్పగలిగేది ఆ కుర్రాడే. 2020 డిసెంబరు నుంచి సాగుతున్న రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వస్తున్నాయి. ఆ సమయంలో నోరు విప్పేవాళ్ళు లేని డొంక కాగితం మీద కూడా సన్నబడే ప్రమాదం ఉంది. బయటి బృందం చేయగలిగింది ఆ పెద్దాయననీ కుర్రాడినీ ఒక పూట కలిపి నడిపించడం. ఏటా వస్తే అది ఒక వాడుక అవుతుంది. ఒక్కసారి వచ్చి పోతే ఏమీ మిగలదు.

రెండో సందేహం, కొండ లేకుండా జనం వస్తారా అన్నది. యువకులకి ఎత్తు కావాలి, నిజమే. కానీ ఎత్తు నడకల నుంచి మొదట తప్పుకునేది ఎవరు? మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చిన్నపిల్లల తల్లులు, సగం దారిలో ఆగిపోతామేమో అని బిడియపడేవాళ్ళు. డొంక నడకలో వీళ్ళందరికీ చోటుంటుంది. కొండే కావాలనుకుంటే పెన్న ఒడ్డున నరసింహకొండ ఉంది, మెల్లగా ఎక్కి పైనుంచి అవతలి గట్టున జొన్నవాడ వైపు చూడొచ్చు. వలేటివారిపాలెం మండలంలో మాలకొండ ఉంది, అక్కడ గుడి తెరిచేది శనివారం ఒక్కటే. మిగతా రోజుల్లో కొండ ఖాళీగా ఉంటుంది గానీ మంచినీళ్ళకీ తిండికీ దుకాణాల మీద ఆశ పెట్టుకోకూడదు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం కూడా చిన్న కొండ మీదే ఉంది. ఇవి మధ్యలో తగిలేలా డొంక నడక వేసుకుంటే రెండు కోరికలూ తీరతాయి.

వెలిగొండల లోపలికి మాత్రం వద్దు. పెనుశిల నరసింహ అభయారణ్యం, దాని చుట్టుపక్కల రిజర్వు ఫారెస్టు ఎర్రచందనం పెరిగే అడవులు. అనుమతి లేకుండా అడుగు పెట్టడం నేరం. సంచులతో గుంపుగా తిరిగేవాళ్ళని సిబ్బంది ఆపి ఆరా తీయడం సహజం, వాళ్ళ పని అది. రాపూరు, సీతారామపురం వైపు నడక వేసుకుంటే అడవి అంచుకి ఇవతలే, చెరువుకట్టల మీదుగా, పొలాల డొంకల్లో ఉండాలి.

దారి వెతకడం

ముందు ఉపగ్రహ చిత్రం చూడాలి. చేల మధ్య రెండు సమాంతర చెట్లవరసలు, మధ్యలో ముదురాకుపచ్చ పట్టీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంటే అది డొంకే. ఆ పట్టీ ముద్దగా, ఎక్కడా నేల కనపడకుండా ఉంటే కంపతో మూసుకుపోయిందని అర్థం. తర్వాత ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో గ్రామ నక్ష, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పటం) తీసి ఆ ముక్క సర్వే నంబరు పట్టుకోవాలి. డొంక పోరంబోకా, వాగు పోరంబోకా, పట్టానా అన్నది ఇక్కడ తేలాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్లో ఉచితంగా దొరుకుతాయి, ఉదయగిరి ప్రాంతం పాత లెక్కలో 57 ఎన్ కిందికి వస్తుంది. వాటిలో బండిబాటకీ కాలిబాటకీ వేరువేరు గుర్తులుంటాయి. కానీ పటంలో ఉన్న బాట నేలమీద లేకపోవడం మామూలే కాబట్టి, ఇద్దరు ముగ్గురు వారం ముందు అదే వేళకి ఆ దారంతా నడిచి రావాలి. బైకు మీద తిరిగి చూసి వస్తే సరిపోదు. బైకు పోయేచోటికే అది తీసుకెళ్తుంది.

ఆ ముందు నడకలో చూసుకోవాల్సినవి ఏమిటంటే, ఏ తడికెకి తాళం ఉంది, ఎక్కడ కుక్కలున్నాయి, గట్టులేని దిగుడుబావి దారికి ఎంత దగ్గర. గూడూరు, సైదాపురం వైపైతే పాత మైకా గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో తప్పకుండా గుర్తించాలి. నీళ్ళు నిండి, అంచున గడ్డి పెరిగిన గుంత దగ్గరికి పోయేదాకా కనపడదు. అంచు మట్టి కూడా వదులు. పిల్లలు మెరిసే అభ్రకం పలుకులు ఏరుకుంటూ అటే పోతారు. చెరువు దాటాల్సి వస్తే కలుజు (అలుగు) పారుతోందా అన్నది చూడాలి. చీలమండ మునిగే ప్రవాహమైనా పాచి పట్టిన రాతి మీద పెద్దవాళ్ళని నిలవనివ్వదు.

అన్నిటికంటే ముఖ్యం జీవాల కాపరితో మాట్లాడటం. ఆయనకి తెలిసినంత ఏ పటానికీ తెలియదు. "ఇటు పోబాకండి సార్, రాత్రి కరెంటు పెట్టుంటారు" అన్న ఒక్క మాట మొత్తం బృందాన్ని కాపాడుతుంది. ఆయన్ని ఒక పూట వెంట రమ్మంటే ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి, మంద చూసుకునే మనిషికి కూడా.

సూర్యుడు వచ్చాకే

ట్రెక్కింగ్ పిలుపుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరమంటారు. ఎండ తప్పించుకోవాలన్న ఆలోచన మంచిదే గానీ మన మెట్టలో అది ప్రాణాంతకం. అడవిపందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగలు లాగేవాళ్ళున్నారు. అది నేరమని తెలిసినా మానడం లేదు, మనుషులు చనిపోతూనే ఉన్నారు. తీగ మోకాలి ఎత్తులోపే ఉంటుంది, టార్చి వెలుగులో కనపడదు. కట్లపాము తిరిగేదీ చీకట్లోనే. జనవరిలో మనకు పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక. ఏడింటికి అడుగు వేస్తే చాలు, రైతు చేలోకి వచ్చి తీగలు విప్పే వేళ అది. అప్పుడైనా పట్టా గట్టు మీదికి పోయేముందు రైతుని కేకేసి అడగాలి.

వేళ లెక్కకి స్కాట్లండు కొండనడకల మనిషి నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం పనికొస్తుంది. గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. 12 కిలోమీటర్ల డొంక, మధ్యలో 150 మీటర్ల తిప్ప ఉంటే రెండు గంటల నలభై నిమిషాలు తేలుతుంది. అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. అన్ని వయసులవాళ్ళూ ఉన్న గుంపుకి దాన్ని రెట్టింపు చేయాలి. ఏడింటికి మొదలుపెడితే పన్నెండున్నరలోపు ముగుస్తుంది. అంతకంటే పొడవైన దారి ఫిబ్రవరి నెలాఖరు దాటాక పెట్టుకోకూడదు.

గుంపు పన్నెండు నుంచి పదిహేనుమంది దాకా బాగుంటుంది. ఇరవై దాటితే మాటలు చివరిదాకా చేరవు, గట్లు విరుగుతాయి, ఊళ్ళో కుక్కలు ఊరుకోవు. దారి తెలిసిన ఒకరు ముందు, ఓపిక ఉన్న ఒకరు చివర. చీలిక వచ్చిన ప్రతిచోటా చివరిమనిషి కంటబడేదాకా ముందుమనిషి కదలకూడదు. విశ్రాంతి దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. చురుకైనవాళ్ళు ముందే చేరి పది నిమిషాలు కూర్చుంటారు, వెనకవాళ్ళు రాగానే "పదండి" అని లేస్తారు. అలసినవాళ్ళకి కూర్చునే వీలే ఉండదు. మూడోసారి ఇలా జరిగాక వాళ్ళు ఇక నడకలకి రారు. ఆఖరిమనిషి కూర్చున్నాకే విశ్రాంతి మొదలైనట్టు లెక్క.

ఆడవాళ్ళు ఉన్న గుంపుకి గంటన్నర, రెండు గంటలకోసారి బడో, గుడో, తెలిసినవాళ్ళ ఇల్లో తగిలేలా దారి వేయాలి. దీన్ని ముందే చూసుకోకపోతే వాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, పదకొండింటికి తలనొప్పీ కళ్ళు తిరగడమూ మొదలవుతాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు కావాలి, రెండు వెంట ఉండాలి, మూడోది మధ్య ఊళ్ళో నింపుకోవచ్చు. లీటరు నీటిలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపిన సీసా చివరిమనిషి సంచిలో ఉంచాలి. ఉప్పు ఎక్కువైతే మేలు చేయకపోగా కీడు చేస్తుంది. తిండికి పులిహోర, మజ్జిగ చాలు.

చెప్పుల అడుగు మందంగా లేకపోతే చిల్లకంప ముల్లు తన్నుకొచ్చి పాదంలో దిగుతుంది. కొన విరిగి లోపల ఉండిపోతే సూదితో కెలకొద్దు, ఆసుపత్రిలో తీయించాలి. వదిలేస్తే చీము పడుతుంది, కీలు దగ్గరైతే ఇంకా బాధ. ప్రకాశం వైపు నల్లరేగడిలో వాన పడిన వారందాకా నడక పెట్టొద్దు, అడుగుకి అరకిలో బురద అంటుకుంటుంది. తిప్ప దిగేటప్పుడు గరపరాళ్ళ మీద జారేది పాదం పక్కకి పెట్టేవాళ్ళ కంటే తిన్నగా పరుగుతీసేవాళ్ళే.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ చేయకూడదు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏ ఆసుపత్రిలో ఉందో ముందు నడకలోనే కనుక్కుని రాసుకోవాలి. మంద ఎదురొస్తే గుంపంతా ఒకే పక్కకి తప్పుకుని నిలబడాలి. రెండు పక్కలా నిలబడితే జీవాలు బెదిరి చేలో పడతాయి, కుక్కలు మీదికొస్తాయి. తెరిచున్న తడికె తెరిచినట్టే, మూసున్నది మూసినట్టే వదిలి రావాలి. నిమ్మతోటలో ఒక్క కాయ కూడా కోయొద్దు. పదిహేనుమంది తలా రెండు కోస్తే వచ్చే ఏడాది ఆ దారి ఉండదు.

కంప కొట్టే పని

మూసుకుపోయిన డొంకని తెరవాలనుకునే బృందాలు ఉత్సాహంతో కత్తులు పట్టుకుని పోతుంటాయి. పోరంబోకు మీద చెట్టు పంచాయతీది, తీర్మానం లేకుండా కొట్టకూడదు. అనుమతి తెచ్చుకున్నా పైపైన నరికితే ఫలితం ఉండదు. చిల్లకంప మొదట్లో నేలకింద మొగ్గలుంటాయి, ఒక కొమ్మ కొడితే పది పిలకలు లేస్తాయి. మొదలు చుట్టూ జానెడు లోతున తవ్వి అక్కడ నరకాలి. ముదురు మోడుకి జేసీబీ తప్పదు. బొగ్గు కాల్చేవాళ్ళు కర్ర కోసం ఉచితంగా కొట్టుకుపోతామంటారు, కొన్ని పంచాయతీలు వేలం కూడా వేస్తాయి. కానీ వాళ్ళకి కావాల్సింది కర్ర, మోడు నేలలోనే ఉండిపోతుంది. ఒప్పందంలోనే మోడు పెకలించాలని రాయించుకోవాలి.

పని సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనం దిగకముందు చేస్తే నేల గట్టిగా ఉండి తవ్వడం కష్టం. జనవరిలో నేల మెత్తగా ఉంటుంది గానీ అప్పటికి కాయలు రాలి విత్తనాలు మొలిచి ఉంటాయి. గొర్రెలు ఆ కాయలు తిని పెంటలో విత్తనాలు వేస్తాయి కాబట్టి మంద నడిచే డొంకలో కంప మళ్ళీ రావడం ఖాయం. మంద నడవని డొంకలో తొక్కేవాళ్ళు లేక వస్తుంది. మొలక రెండాకుల మీద ఉన్నప్పుడు చేత్తో లాగితే వస్తుంది, మోకాలెత్తు దాటితే రాదు. ఆ మధ్య కాలం కొన్ని నెలలే. వానలు వెనకబట్టాక ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి అదే డొంకలో అదే గుంపు నడిచి, కనపడిన మొలకనల్లా లాగుతూ పోవాలి.